పాత్రాపాత్రవివేకము

అపాత్రదానము కూడదని మనవారు తఱచుగా చెప్పు మాట. పూర్వులు విద్యను, ఆచారమును చూచి దానపాత్రుని నిర్ణయించిరి. కాని అన్నమునకు ఆకలియే పాత్రత యన్న మాటయు మనలో నున్నది. 1909లో పరమపదించిన లంకల గన్నవరపు డొక్కా సీతమ్మగారు వేళగానివేళ వచ్చినవారికిని వండి వడ్డించెనే కాని, వారి యోగ్యత నడిగినట్లు వినము.

ఇంగ్లాండులో 1834వ సంవత్సరపు బీదల చట్టము మఱియొక తర్కమును ప్రచారమునకు దెచ్చినది. సాయము పొందువాని స్థితి కూలివాని స్థితికంటె హీనముగా నుండవలెనట! అట్లయిన నిజముగా గతిలేనివాడే వచ్చునట. 1876-78 నాటి కఱవులో ఆ తర్కమే మన సీమకు వచ్చినది. మా తర్లుపాడు అప్పుడు కర్నూలు జిల్లాలోనిది. మద్రాసు రాజధానిలో ఆ జిల్లా మిక్కిలి దెబ్బతినినది. కఱవుపనులకు వచ్చినవారికి దినమునకు ఒక పౌను ధాన్యమును, పైన కొంచెము డబ్బును చాలునని 1877లో సర్ రిచర్డు టెంపులు కూలి తగ్గించెను. అది ప్రాణము నిలుపజాలదని శానిటరీ కమీషనరు డాక్టరు కార్నిషు వాదించెను. ఆ యేడే మద్రాసు ప్రభుత్వము కూలి పెంచక తప్పలేదు. ఆకలిచే కూలబడినవాడు రాళ్లు గొట్టలేడు. పరీక్షలో ముందు తప్పువాడు వాడే.

నేటి ప్రభుత్వములు అంత కఠినములు కావు. 2024 జూలై మొదలు వృద్ధుల పింఛను నెలకు 4,000 రూపాయలైనది. దానిని ఇంటికే తెచ్చి యిచ్చుట మెచ్చదగినది. అయినను పాత్రనిర్ణయము కాగితములలో చిక్కుకొన్నది. 2019లో చేసిన నియమములలో కుటుంబమునకు మాగాణి మూడెకరములు, మెట్ట పదియెకరములు హద్దు. మా ప్రాంతమున మెట్టయెకర మనగా నేమి? వాన కురిసిన కంది పండును, లేకున్న బీడే. బోరు వేసిన నీరు పడదు. పడినను పలుచోట్ల ఫ్లోరైడు నీరు. ఇంతేకాక కొడుకులు నోటిమాటతో పొలము పంచుకొని వేఱుపడుదురు. పట్టాదారు పుస్తకము మాత్రము ముసలివాని పేరనే యుండును. కాగితముపై ఆయన పదునొకండెకరముల ఆసామి. ఇంట చూడబోయిన రేపటికి గింజలు లేవు. 2025లో వికలాంగుల పింఛనుల పునఃపరీక్షలోను, తమ వైకల్యమును మరల రుజువు చేసికొను భారము వారిమీదనే పడినది.

దొంగపింఛనులు లేవా యని చదువరు లడుగుదురు. ఉన్నవి. అనర్హుడు పొందినచో ఖజానా నష్టపడును. అది లెక్కకు వచ్చును, పత్రికలకెక్కును. అర్హుడు పోగొట్టుకొన్నచో వాని పస్తులకు ఏ రిజిస్టరులోను పద్దు లేదు. ఈ రెండు తప్పులను ఒకే త్రాసున తూచుట మాకు న్యాయముగా తోచదు. మనమును తక్కువ తిన్నవారము కాము. వాకిట నిలిచినవానిని పిడికెడు బియ్యమునకు ముందు, ఒళ్లు వంచి పని చేసికొనరాదా యని యడుగుదుము. ఆ ప్రశ్ననే దొరతనమువారు దరఖాస్తు ఫారముగా అచ్చువేయించిరి.

పింఛను నిలుపదలచిన అధికారి తానే ఆ పొలమును, ఆ యింటి గింజలకుండను చూచి కారణము వ్రాసి యియ్యవలెను. అంతవఱకు సొమ్ము ఆగరాదు. నెలనెలా సొమ్ము చేర్చుటకు తెలిసిన దారి విచారణకు తెలియకపోదు.