కన్నీటికి మించిన స్మరణము

ఒకే స్త్రీ మెట్టినింట సహధర్మచారిణి, పుట్టినింట ఆడపడుచు. కావుననే ఆమె గతించిననాడు రెండిండ్ల దీపములు ఒక్కసారి మసకబారును. అట్టివేళ విజ్ఞులను సైతము బాధించు ప్రశ్న యొకటి కలదు. ఆత్మ నిత్యమని గీతాచార్యుడు బోధించియుండగా గతించినవారికై శోకించుట అజ్ఞానము కాదా? శోకింపకుండుట ప్రేమరాహిత్యము కాదా? ఈ రెంటి నడుమ గృహస్థునకు మార్గమేది?

కాళిదాస మహాకవి రఘువంశము ఎనిమిదవ సర్గమున ఈ ధర్మసంకటమును చిత్రించెను. ఇందుమతి విదర్భాధిపతియగు భోజుని సోదరి, అజమహారాజునకు ప్రియపత్ని, శ్రీరామచంద్రునకు పితామహి. ఆమె భర్తతో ఉద్యానమున విహరించుచుండగా, గగనమార్గమున నేగు నారదమహర్షి వీణనుండి జారిన పూలమాల మీదపడి అసువులు బాసెను. అజుని విలాపమున మనము గమనింపవలసిన విశేష మొకటి కలదు. అతడు ఆమె రూపమును మాత్రమే తలచి వగవలేదు. ఆమె సగము కూర్చి విడిచిన పొగడపూల మొలనూలును, వివాహము చేయదలచి చేయకయే పోయిన మామిడిచెట్టును, ప్రియంగులతను చూచి కుమిలిపోయెను. ప్రియమైనవారు పోయినపుడు మనలను ఎక్కువగా కలచివేయునది వారు ముగింపక విడిచిన పనియే కదా!

యజ్ఞదీక్షలో నుండుటచే తాను రాజాలని వసిష్ఠమహర్షి శిష్యునిచే ఉపదేశమును పంపెను. బంధువుల ఎడతెగని కన్నీరు గతించినవారిని దహించునని ఆ మహర్షి హెచ్చరిక. అజుడు గురువాక్యమును శిరసావహించెను గాని, ఆ మాట అతని హృదయమున నిలువలేదు. అయినను బాలుడగు దశరథునికై ఎనిమిది సంవత్సరములు రాజ్యభారమును వహించెను. శోకము దోషమని కవి యనలేదు. శోకము తీరినదనియు అనలేదు. శోకమున్నను కర్తవ్యము నిలిచినదని మాత్రము చూపెను. ఇందుమతి విడిచిపోయిన పనులలో మిక్కిలి గొప్పది ఆ బాలుడే.

అజుని చరిత్రలో శోకముతో కలిసి నడచిన ఈ ధర్మము, మన ఆచార్యుల చరిత్రలో కైంకర్యముగా పండినది. గోదాదేవి శ్రీరంగనాథుని వరించి ఆయనలో లీనమైన దివ్యపత్ని. ఆమె నాచ్చియార్ తిరుమొళియందు తిరుమాలిరుంజోలై స్వామికి నూఱు గంగాళముల వెన్నయు, నూఱు గంగాళముల అక్కారవడిసలును సమర్పింతునని మ్రొక్కెను. కొన్ని శతాబ్దుల తరువాత 1017వ సంవత్సరమున అవతరించిన భగవద్రామానుజులు ఆ పాశురమును తలచి, తీరక మిగిలిన ఆ మ్రొక్కును తాము చెల్లించిరి. పిదప శ్రీవిల్లిపుత్తూరునకు వెళ్లగా, అర్చామూర్తియగు గోదాదేవి వారిని “అన్నా” యని పిలిచెనని పెద్దలు చెప్పుదురు. ఆయనకు ఎంతో పూర్వురాలైన ఆమె చెల్లెలగుట ఎట్లు? రక్తముచే కాదు, వయస్సుచే కాదు. ఆమె కోరికను తన బాధ్యతగా తలదాల్చుటచే ఆయన అన్నయయ్యెను. సోదరత్వము క్రియచే సిద్ధించుననుటకు ఇంతకన్న నిదర్శన మేల?

కావున భార్యను గాని, తోబుట్టువును గాని కోల్పోయిన గృహస్థుడు కన్నీరు వచ్చెనని సిగ్గుపడనక్కరలేదు. శ్రాద్ధతర్పణములు విధిగా జరుపవలసినదే. అంతతో స్మరణము ముగియదు. ఆమె నీరుపోసి పెంచిన తులసి వాడిపోవుచున్నదా? ద్వాదశినాడు ఒక అతిథికి అన్నము పెట్టిన పిదపనే భుజించు ఆమె నియమము ఆగిపోయినదా? ఆమె చదివింపదలచిన బీదపిల్ల చదువు మధ్యలో నిలిచినదా? పటమునకు వేసిన పూలదండ సాయంకాలమునకు వాడును. ఆమె చేతిపనిని అందుకొన్నచేయి వాడని దండ యగును. దుఃఖము దానిచే పూర్తిగా తొలగునని చెప్పుట సత్యము కాదు; కాని దారితెలియక పొరలు నీటికి కాలువ త్రవ్వినట్లు, ఆ దుఃఖము సేవగా ప్రవహించును.

అట్టి స్మరణమునకు వలయు చిత్తస్థైర్యమును గోదాసమేతుడగు శ్రీరంగనాథుడు గృహస్థులెల్లరకు అనుగ్రహించుగాక!