సొరుగు లోపలి చెక్క

పెండ్లి కుదరగానే మన ఓరుగల్లు ప్రాంతంలో చాలామంది తల్లిదండ్రులు పడకగదికి టేకు బీరువానో, సొరుగుల బల్లనో చేయించాలని వడ్రంగి దగ్గరికి వెళ్తారు. ఏటూరునాగారం అడవుల్లో టేకు సహజంగా పెరుగుతుంది కనుక ఆ కర్ర విలువ మనకు తెలిసిందే.

టేకు మానులో నడుమనుండే చేవను చెదలు అంత త్వరగా ముట్టవు. బెరడు కిందనుండే తెల్ల చెక్కను సులువుగా తినేస్తాయి. రంగు పట్టించి పాలిష్ చేస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. సొరుగు అడుగున ఏది వేశాడో చేసినవానికే తెలుసు. ఎవరూ చూడని చోట చేవ ఎందుకు వేయాలి?

13వ శతాబ్దపు పునీత తోమాస్ అక్వినాసు గారు 'దైవశాస్త్ర సంగ్రహము'లో ఇలాంటి ప్రశ్ననే విచారించారు. కొనేవానికి నష్టం కలిగించే దాగిన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలన్నారు. వస్తువును దాని విలువకన్నా తక్కువకు కొనడం కూడా అన్యాయమేనన్నారు.

ఈ రెండవ మాట మనకోసమే. పచ్చి కర్రతో చేస్తే అది ఆరేకొద్దీ కుంచించుకుపోయి అతుకులు వదులవుతాయి. కర్ర ఆరాలి, చిత్రిక పట్టాలి, ఉలితో గాడి తీసి అతుకు కుదర్చాలి. వీటన్నిటికీ రోజులు కావాలి. ఆ రోజుల కూలిని బేరమాడి కోసేసి, వారంలో కావాలని తొందరపెడితే, తెల్ల చెక్క పెట్టమని మనమే చెప్పినట్లు కాదా? చెప్పకుండా పెట్టడం అతని దోషమే. మన బేరం దానిని మాపదు. కాని ఆ దోషంలో మనకూ పాలుంటుంది. "ఈ ధరకు లోపల తెల్ల చెక్కే వస్తుంది" అని ముఖాన చెప్పేవాడు నీతిమంతుడు. అతణ్ణి వదిలి, తలూపి ఒప్పుకునేవాని దగ్గరికి పోయేది మనమే కదా!

కనుక "ఎంత తగ్గిస్తావు?" అనడానికి ముందు, "అన్నా, లోపల ఏ కర్ర వేస్తావు? ఎన్ని రోజులు పడుతుంది?" అని అడుగుదాం. ఆ జవాబుకు తగిన కూలి ఇద్దాం.