గాలి సందు మూసినది ఎవరు?



2000వ సంవత్సరము జూన్ 18వ తేదీ రాత్రి ఇంగ్లాండు దేశమందలి డోవర్ రేవులో అధికారులు ఒక లారీ తలుపు తెరచిరి. టమాటా పెట్టెల వెనుక 60 మంది చైనా దేశస్థులు దాగియుండిరి. దొంగతనముగా ఆ దేశము ప్రవేశింపవలెనని వచ్చినవారు. వారిలో 58 మంది ఊపిరాడక చనిపోయిరి, ఇద్దరే బ్రదికిరి. లారీకి గాలి వచ్చుటకు ఒక చిన్న సందు ఉండెను. లోపలివారి సడి ఓడలో ఎవరికిని వినబడకుండ, లారీ తోలువాడు దానిని ముందుగానే మూసివేసెను.

నరహత్య మొదలగు నేరముల క్రింద వానికి 2001లో మొత్తము 14 సంవత్సరముల శిక్ష పడెను. వాని పక్షమున పై కోర్టులో ఈ వాదన వచ్చినది: చనిపోయినవారును ఆ నేరములో పాలివారే, తమంతట తామే లారీ ఎక్కిరి, కాబట్టి వారి ప్రాణములకు ఇతడు బాధ్యుడు కాడు. ఈ మాట మనకు క్రొత్త కాదు. ఇట్టి వార్త వినినప్పుడు మనమును, "వారిని ఎవరు పొమ్మనిరి?" అని అనుచుందుము. 2002లో ఆ కోర్టు ఈ వాదనను త్రోసివేసెను. తప్పు త్రోవను నడచినవాని ప్రాణమునకును చట్టము కాపుదల ఇయ్యవలసినదే. వారు లారీ ఎక్కుటకు ఒప్పుకొనిరి గాని, ప్రాణము విడుచుటకు ఒప్పుకొనలేదు.

అయితే రెండవ ప్రక్కను కూడ ఒక గొయ్యి ఉన్నది. ప్రయాణములో ఎవరైనను చనిపోయినంత మాత్రముననే తోలినవాడు హంతకుడగునా? ఒకడు ముందునుండియున్న గుండె జబ్బుచేత, ఇంట నున్నను ఆ దినమే చనిపోవువాడైనచో ఏమందుము? అమెరికా చట్టము ప్రకారము, మనుష్యులను దొంగచాటుగా చేరవేయుట మరణమునకు దారితీసినచో, యావజ్జీవ శిక్షయైనను, మరణ శిక్షయైనను విధింపవచ్చును. అంత బరువైన శిక్షకు "దారితీయుట" అను మాటకు అర్థమేమి? 2014లో ఆ దేశపు సుప్రీం కోర్టు, హెరాయిన్ అను మత్తుమందు అమ్మినవాని వ్యాజ్యెములో, ఇట్టి మాటకే అర్థము చెప్పినది: ఆ పని జరుగకయుండినయెడల ఆ మనుష్యుడు బ్రదికియుండునా అని అడుగవలెను. మరణములో కొంత పాలు ఉన్నదనుట చాలదు.

ఈ ప్రశ్న న్యాయమైనది గాని, ఇది ఒక్కటే చాలదని నా తలంపు. "వీని పనివలన చనిపోయెనా?" అని అడిగిన పిమ్మట, "అపాయము వీనికి తెలిసియుండెనా?" అనియు అడుగవలెను. మోషే ధర్మశాస్త్రములో పొడిచి చంపిన ఎద్దును గూర్చిన విధి ఈ భేదమునే చూపుచున్నది. ఎద్దు పొడుచునదని ముందు తెలియని యజమానుడు నిర్దోషి. హెచ్చరిక పొందియు దానిని కట్టివేయనివాడు ప్రాణాపరాధి. కొమ్ము ఎద్దుదే, అయినను దోషము యజమానునిది.

2022 జూన్ నెలలో, టెక్సాసులోని శాన్ ఆంటోనియో నగరములో, మండుటెండలో లారీ పెట్టెలో చిక్కి 53 మంది వలసదారులు మరణించిరి. చల్లగాలి యంత్రము పాడైనదని ఆ ముఠాలో కొందరికి ముందే తెలియును. తెలిసియు తలుపులు మూసిరి. 2025లో వారి నాయకులలో ఒకనికి యావజ్జీవ శిక్షయు, మరియొకనికి 83 సంవత్సరముల శిక్షయు పడెను. "చంపినది ఎండ, మేము కాము" అనుటకు వారికి నోరెక్కడిది?

చదువరీ, ఆ లారీలు దూరదేశములవి గదా యని పుట త్రిప్పివేయకుము. ట్రాక్టరు మీద మోయలేనంతమంది కూలీలను ఎక్కించి, "వారే ఎక్కిరి" అనువాడు మన ఊరిలో లేడా? ఎదుటివాని అవసరము మన తప్పును మాపదు. తీర్పు చెప్పునప్పుడు ఒకని చేతికి రాని దోషమును వాని తలకెత్తకుము. నీ చేయి మూసిన సందును మాత్రము మరువకుము.