విత్తనం ఎవరిది, గట్టు ఎవరిది?

కిందటి ఎండాకాలం మా ఊరు వెళ్ళినప్పుడు, వరసకు తమ్ముడయ్యేవాడు నన్ను ఇప్పచెట్టు కిందికి పిలిచాడు. పెళ్ళయి ఏడేళ్ళు, పిల్లలు లేరు. ఊళ్ళో మాటలు పడింది మాత్రం మరదలే. పసర్లు తాగింది, వేల్పుకు మొక్కింది, ముడుపులు కట్టింది. చివరికి పట్నంలో డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలు చేయిస్తే లోపం మావాడిలో ఉందని తేలింది. వీర్యంలో కణాలు లేవు. దాత వీర్యంతో ప్రయత్నించవచ్చని ఆమె చెప్పింది.

మావాడు డబ్బు సంగతి ఎత్తలేదు. "అన్నా, అట్లా పుట్టిన బిడ్డది ఏ గట్టు?" అన్నాడు.

ముందు ఆ వైద్యం ఏమిటో చెప్పుకుందాం. చాలామంది దీన్ని ఏదో తప్పు పని అనుకుంటున్నారు. వీర్యాన్ని ల్యాబులో శుభ్రం చేసి, చురుకైన కణాలను వేరు చేస్తారు. అండం విడుదలయ్యే సమయం చూసి, సన్నని గొట్టంతో గర్భసంచిలోకి పంపుతారు. అంతే. పరాయి మగవాడు ఆమెను తాకడు, ఆమె అతన్ని చూడదు. భర్త వీర్యంతోనూ ఇదే చేస్తారు, అప్పుడు ఎవరికీ ఏ ప్రశ్నా రాదు. దాత వీర్యం అనగానే మనసు ఆగిపోతుంది.

ఆగాల్సిన కారణం ఒకటి నిజంగానే ఉంది. 1884లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పాన్‌కోస్ట్ అనే డాక్టర్ ఒక వ్యాపారి భార్యకు మత్తు ఇచ్చి, తన విద్యార్థి వీర్యాన్ని లోపలికి పంపాడు. ఆమెను అడగలేదు. బిడ్డ పుట్టాడు. తర్వాత భర్తకు చెప్పారుగానీ ఆమెకు ఎప్పటికీ చెప్పలేదు. ఈ సంగతి 1909లో బయటపడింది. అక్కడ తప్పు వీర్యానిది కాదు, ఆమెను మనిషిగా లెక్కలో వేయకపోవడానిది. మన దేశంలో 2021లో వచ్చిన చట్టం ప్రకారం రాతపూర్వక సమ్మతి లేకుండా ఈ వైద్యం చేయకూడదు. ఒక దాత వీర్యాన్ని ఒక్క జంటకు మించి ఇవ్వకూడదు. పుట్టిన బిడ్డ ఆ దంపతుల సొంత బిడ్డే, దాతకు తండ్రి హక్కులేవీ ఉండవు. చట్టం దృష్టిలో బిడ్డ వాళ్ళదే అయినప్పుడు, రేపు కుల ధ్రువపత్రం ఎట్లా అనే భయం కూడా అక్కర్లేదని నా ఉద్దేశం.

చట్టం సరే, గట్టు మాటేమిటి? మా పెద్దనాన్న ఒప్పుకోలేదు. "డోలీ మన గట్టు కథ పాడుతుంటే ఆ పిల్లాడు ఎవరి తాతల కథ వింటాడురా?" అన్నాడు. ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేను. అడవి పోయి, భూమి పోయి, మనకు మిగిలింది ఈ వరసలే.

కానీ ఒకసారి ఆలోచించండి. చింతూరులో ఒక అబ్బాయి, ఏటూరునాగారంలో ఒక అమ్మాయి, ఇద్దరిదీ నాలుగో గట్టే అనుకుందాం. ఎన్ని తరాలు వెనక్కి వెళ్ళినా ఇద్దరికీ రక్తబంధం కనిపించకపోవచ్చు. అయినా వాళ్ళు అన్నాచెల్లెళ్ళే, పెళ్ళి కుదరదు. సొంత మేనమామ కూతురిది మాత్రం దగ్గరి రక్తం. ఆమెను చేసుకుంటే సంతోషంగా డప్పు కొడతాం. గట్టు అనేది రక్తాన్ని కొలిచే తూకమే అయితే ఈ రెండూ తలకిందులుగా ఉండాలి కదా! ఎవరి వేల్పు ముందు నిలబడతావు, ఎవరిని అన్నా అంటావు, ఎవరి చావుకు తలకొరివి పడతావు, గట్టు చెప్పేది ఇది. ఇవన్నీ పెంచినవాళ్ళు ఇచ్చేవే. కాబట్టి నా లెక్కలో ఆ బిడ్డది మా తమ్ముడి గట్టే.

నాకు తెగనిది వేరొకటి ఉంది. బిడ్డకు చెప్పాలా వద్దా? స్వీడన్‌లో 1985 నుంచి, ఎదిగిన పిల్లలకు దాత ఎవరో తెలుసుకునే హక్కు ఉంది. మన దగ్గర దాత వివరాలు గోప్యం. పేరు చెప్పలేకపోయినా, దాత ఉన్నాడన్న సంగతి తల్లిదండ్రులు చెప్పవచ్చు. చిన్న ఊళ్ళో రహస్యం ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఎవరో తాగి అనే మాటగా బిడ్డ వినడం కంటే, తండ్రి ఒళ్ళో కూర్చుని వినడం నయం అనిపిస్తుంది. అయితే ఆ భారం మోసేది నేను కాదు.

ఇదంతా మావాడికి చెబుతుంటే మరదలు వచ్చి నీళ్ళ చెంబు పెట్టింది. "బావా, గట్టు గురించి తర్వాత మాట్లాడుకోండి. ఏడేళ్ళు నన్ను గొడ్రాలంటుంటే మీ తమ్ముడు విన్నాడు. పరీక్ష కాయితం వచ్చి ఆరు నెలలైంది, ఇప్పటికీ నోరు విప్పలేదు. ముందు మీ అమ్మకు ఆ మాట చెప్పమనండి. అప్పుడు పట్నం పోదాం" అంది.

వాడు తల దించుకున్నాడు. నేను తెచ్చిన వాదనల్లో ఒక్కటీ ఆ మాటకు జవాబు కాలేదు. మొన్న సంతలో కనిపించినప్పుడు, వాళ్ళమ్మకు చెప్పానన్నాడు. ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదట. మూడో రోజు కోడలి పక్కన కూర్చుని ఇప్పపువ్వు ఏరిందట.