ఈ ఏడాది తలకే

ఎదిగే పిల్లకు ఏది కొన్నా ఒక సైజు పెద్దదే తీసుకునే ఇంట్లో పెరిగాను. పరికిణీ అంచు లోపలికి మడిచి కుట్టించేవారు, ఏటా కాస్త విప్పితే ఇంకో పండక్కి పనికొస్తుందని. బూట్ల ముందు భాగంలో దూది కుక్కేవారు. అది పిసినారితనం కాదు, రేపటి మీద నమ్మకం. అందుకే మా అమ్మాయికి సైకిల్ హెల్మెట్ కొనబోతే నా చెయ్యి పెద్ద సైజు వైపే వెళ్లింది. ఆ చెయ్యిని ఆపుకున్నాను గానీ, అది ఎందుకలా వెళ్లిందన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

హెల్మెట్ లోపల ఉండేది థర్మాకోల్ జాతి గట్టి నురుగు. తల నేలకు తగిలిన క్షణంలో అది నలిగి, దెబ్బ తీవ్రతను తను తీసుకుంటుంది. అలా ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు, పైకి ఎంత కొత్తగా కనిపించినా. వదులుగా ఉన్న హెల్మెట్ పడేటప్పుడే పక్కకు జారిపోతుంది. వెనకనున్న డయల్ చిన్న తేడాను సర్దగలదు, సైజు తేడాను కాదు. కనుబొమలకు కాస్త పైన టేపు చుట్టి చూసిన కొలత ముఖ్యం, వయసు కాదు. అంటే ఈ వస్తువుకు రేపటితో పని లేదు. నేనేమో నా కూతుర్ని వచ్చే తరగతిలో, వచ్చే ఎత్తులో చూసుకుంటూ, ఎదురుగా నిలబడ్డ పిల్లను తక్కువగా చూస్తున్నానేమో. ఇది ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది.

కనుబొమలకూ హెల్మెట్ అంచుకూ మధ్య రెండు వేళ్ల ఎడం చాలు. అలా సమంగా కూర్చుంటే ముఖం కొంత మూసుకుపోతుంది. ఫోటో తీసేటప్పుడు దాన్ని వెనక్కి నెట్టాలనిపిస్తుంది, బొట్టుతో సహా ఆ ముఖం చూసుకోవాలని. కానీ వెనక్కి నెడితే నుదురు బయటపడుతుంది, ముందుకు పడితే నేలకు తగిలేది అదే. నడినెత్తిన పోనీటెయిల్ ఉన్నా హెల్మెట్ కుదురుగా కూర్చోదు, కాబట్టి సైకిల్ తీసే రోజు మెడ దగ్గరగా జడ వేస్తాను.

అన్నిటికంటే నన్ను నేను ఎక్కువగా గమనించుకునేది పట్టీ బిగించేటప్పుడు. “అమ్మా, గుచ్చుకుంటోంది” అంటుంది. “కాస్త ఓర్చుకో తల్లీ” అన్న జవాబు నాలుక మీదే ఉంటుంది. నాకు చిన్నప్పుడు దొరికిన జవాబూ అదే. బిగుతు చెప్పులకీ, ఇరుకు సీటుకీ, చాలా వాటికీ. ఆడపిల్లకు ఓర్పు నేర్పడం మంచిదని నాలో ఎక్కడో ఇంకా నమ్మకం ఉంది, అది నాకు నచ్చదు. ఇక్కడ ఓర్చుకోవలసిన అవసరమే లేదు. చెవి చుట్టూ రెండు పట్టీలు వచ్చి, సరిగ్గా చెవి కిందే కలవాలి. గడ్డం కింద ఒక వేలు దూరే సందుండాలి. ఎక్కడ గుచ్చుకుంటోందో ఆమె చెబితేనే నాకు తెలుస్తుంది. బకిల్ నొక్కేటప్పుడు నా వేలు వెనక పెడతాను, చర్మం పట్టకుండా. ఒక్కసారి పట్టిందంటే మళ్లీ గడ్డం ఎత్తి నిలబడదు.

ఒకసారి సరిచేస్తే ఇక నిశ్చింత అన్న ఆశ కూడా నాలో ఉంది. అదీ కుదరదు. పట్టీలు వాడేకొద్దీ వదులవుతాయి, తల పెరుగుతుంది. పైగా సైకిల్ దిగి జారుడుబల్ల ఎక్కేముందు ఇదే హెల్మెట్‌ను తీసేయాలి, లేకపోతే ఎక్కడైనా ఇరుక్కుని పట్టీ మెడకు బిగుసుకునే ప్రమాదం ఉంది.

సైకిల్ తొక్కే పిల్లలకు హెల్మెట్ ఉండాలని మన మోటారు వాహనాల చట్టం చెప్పదు. బండి మీద తీసుకెళ్లే తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు మాత్రం, తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. సైకిల్ దగ్గర ఆ బాధ్యత పూర్తిగా మనదే.

మీ పిల్లలు సైకిల్ ఎక్కేముందు ఒకసారి నోరు బాగా తెరిచి ఆవులించమనండి. హెల్మెట్ నెత్తి మీద కాస్త కిందికి లాగినట్టు అనిపించాలి. అనిపించలేదంటే పట్టీ ఇంకొంచెం బిగించండి.