పాత పుస్తకం ఎవరి సొత్తు?

పాత యాత్రాగ్రంథాలనూ శాస్త్రగ్రంథాలనూ వెతికి కొని బీరువాలో పెట్టుకోవడం అపరిగ్రహానికి విరుద్ధమా? కూడబెట్టడం దోషం కాదు, తాళం వేసి కూర్చోవడమే దోషం అంటాను. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఆ పాత ప్రతులను ఎవరూ భద్రం చేయకపోతే 1941లో దిగవల్లి వేంకట శివరావు దాన్ని మళ్లీ అచ్చు వేయించగలిగేవారే కాదు. ఒకరి మమకారమే ఇక్కడ లోకోపకారమైంది.

అసలు చిక్కు భద్రాచలం అడవుల వైపు ఉంది. గోదావరి గట్టు కొండరెడ్ల పోడు సాగు, జీలుగు కల్లు, పండుగల గురించి మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రాసిన ఇంగ్లీషు గ్రంథం 1945లో వెలువడింది. అందులోని ఫొటోల్లో ఉన్నవాళ్ల మనవలకు ఆ పుస్తకం మీద ఏ హక్కూ లేదా? డబ్బు పెట్టి కొన్నవాడిదే అంటుంది చట్టం. నిజమే, కానీ అతను కొన్నది కాగితాన్ని. ఆ బతుకు వాళ్లది. నలుగురి చేతుల్లో పడితే పుస్తకం చిరిగిపోతుందన్న భయం ఇంకా గట్టిది. మడతల దగ్గర పిగిలే పటాలు, ముట్టుకుంటే పొడిగా రాలే అంచులు చూసినవారెవరూ దాన్ని కొట్టిపారేయలేరు. అందుకే అసలు ప్రతిని కొన్నవాడి దగ్గరే ఉండనిద్దాం. స్కాన్ చేసిన ప్రతి మాత్రం ఆ కొండరెడ్ల ఊళ్ల బడులకు చేరాలి, తెలుగు వివరణతో సహా. అది దానం కాదు, బాకీ.