సీసాలోని సాలీడు

సంగారెడ్డికి చేరువనున్న కొండాపూరులో మా పంతులుగారి యింటి వెనుకటి గదిలో, గోడ పొడవునా వేసిన చెక్క అరలమీద, మద్యసారముతో నింపిన చిన్న సీసాలు వరుసలు తీరియుండెడివి. ఒక్కొక్క దానిలో ఒక సాలీడు, దానితోపాటు పెన్సిలుతో వ్రాసి లోపలనే వేసిన చీటి. పదునాలుగవ యేట తుమ్మకంపమీద చూచిన యొక గూటితో మొదలైన ఆ వ్యామోహము డెబ్బదవ యేట గూడ వారిని విడువలేదు. అయినను ఇటీవల క్రొత్త సీసా యొక్కటియు ఆ అరల కెక్కకుండుట గమనించి, ఒక సాయంకాలము వారి వెంట కోటగడ్డ యను పాతదిబ్బకు నడచుచు కారణ మడిగితిని.

“ఈ దిబ్బ చెప్పినది బిడ్డా,” అనిరి పంతులుగారు. “1940 దశకపు తొలి యేండ్లలో పురావస్తు శాస్త్రజ్ఞులైన యజ్దానీగారి ఆధ్వర్యమున ఇచ్చట త్రవ్వకములు జరిగినప్పుడు శాతవాహనుల కాలపు నాణెములు, పూసలు, మట్టిబొమ్మలు విస్తారముగా బయటపడినవి. అట్టి నాణెమును సంతలో కొన్నచో అది లోహము. ఏ పొరలో, ఏ గోడ ప్రక్కన, ఏ పూసల నడుమ దొరకినదో తెలిసినచో అది చరిత్ర. నేను కూడబెట్టినవి సంతలో కొన్న నాణెములేమో యను సంశయము నన్ను పట్టినది.”

“చీటిలో ఊరు, తేది, చెట్టు వ్రాసియున్నారు గదా!”

“వ్రాసితిని. గుత్తి సాలీటికిని చీటి యున్నది. గుత్తి రైలుస్టేషను కలపదొడ్డిలో దొరకిన యొక్క నమూనాను చూచి, 1899లో పోకాక్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు నెమలికంఠమువలె నీలముగా మెరయు ఆ సాలీటికి పేరు పెట్టెను. ఆ పిమ్మట నూరేండ్లకు పైగా అది ఎచ్చట బ్రతుకుచున్నదో శాస్త్రము ఎరుగదు. 2001లో నంద్యాల గిద్దలూరుల నడుమ అడవిలో చెట్టు తొర్రలయందు అది కనబడినది. కలపతోపాటు రైలులో గుత్తికి వచ్చియుండును. పాపము, బాటసారి దిగిన సత్రమును మనము వాని స్వగ్రామమని వ్రాసికొంటిమి. 2008లో దానిని అత్యంత ప్రమాదస్థితిలో నున్న ప్రాణుల పట్టికలో చేర్చిరి. మిగిలిన నెలవు నూరు చదరపు కిలోమీటర్లకు లోబడినదని అప్పటి అంచనా. అందులో చెట్లను నరుకువారు కొందరు, అందమునకు మోహపడి పట్టి అమ్ముకొనువారు కొందరు.”

నేను ఊరకుండలేకపోతిని. “పంతులుగారూ, ఆ నమూనా భద్రపడి యుండనిచో, 2001లో కనబడినది అదేయని గుర్తించుట ఎట్లు? ఆడసాలీటి కడుపు క్రిందనున్న జననేంద్రియపు ఆకృతిని సూక్ష్మదర్శినిలో చూడనిదే అనేక జాతులను వేరుచేయజాలమని నాకు నేర్పినది మీరే.”

వారు చాలసేపు మాటాడలేదు. “నిజము,” అనిరి తుదకు. “అందుచేతనే నా సీసాలను పారవేయలేదు. కాని తంగేడు కొమ్మలమీద పొంచియుండు పచ్చసాలీటిని నేను పదునొకండు మారులు పట్టితిని. మొదటిది శాస్త్రమునకు. తక్కిన పదియు, మద్యసారములో వెలిసిపోని పచ్చదన మొక్కదానికైన నిలుచునేమో యను ఆశకు. ఏ యొక్కటియు నిలువలేదు. తెలియగోరుట ఎచ్చట ముగిసి ఉంచుకొనగోరుట ఎచ్చట మొదలైనదో, ఆ పదింటిని చూచినప్పుడెల్ల సిగ్గుతో గుర్తునకు వచ్చును.”

దిబ్బ అంచున తుమ్మకంపలో, ఎండుటాకులు చుట్టుకొనిన బూడిదరంగు గూ డొకటి చూపిరి. ఈ సాలీళ్లు పదులుగా, ఒక్కొక్కచో వందలుగా ఒక్క గూట బ్రతుకును. గూటికంటె పెద్దదైన తెరను కలసి నేయును, చిక్కిన మిడుతను కలసి లాగును. తల్లి తాను తిన్నదానిని కూనల నోటికి కక్కి పెట్టి, కడపట తన దేహమునే వానికి ఆహారముగా విడుచును.

“తల్లి యొక సీసాలో నున్నది, కూన యొక సీసాలో నున్నది, ఈ విడుచుట ఏ సీసాలో పట్టును?”

“అది క్రౌర్యము కాదా?” అంటిని.

“ఆ మాట మనది, దానిని గూటిలోనికి మోసికొనిపోకుము. మన పెద్దలు చూచి పలికిరి: తననుండి దారము తీసి మరల తనలోనికి గైకొను ఊర్ణనాభిని ముండకోపనిషత్తు సృష్టికి పోలికగా చెప్పినది. చక్రమువలె వల నేయు సాలీళ్లలో అనేకము పాతవలను నిజముగనే మ్రింగి క్రొత్తది నేయును! శ్రీకాళహస్తి పేరున మొదటి యక్షరము సాలీటిదని చెప్పుకొను మనమే, పండుగ వచ్చినంతనే బూజుకర్ర పట్టుదుము.”

పటాన్‌చెరు వైపున కర్మాగారములు పెరిగి, కంపకంచెలున్న చోటులలో ప్రహరీగోడలు లేచినవి. తాను పదునాలుగవ యేట చూచిన గూడు అట్టి గోడ క్రిందనే పోయినదని పంతులుగారు చెప్పిరి. సీసా అవసరమేయని నేను నేటికిని తలచుచున్నాను, వారును కాదనలేదు. ఆ సంజ మాత్రము చీకటి పడువరకు నిలిచి, సాలీళ్లు ఒక్కొక్కటిగా వెలువడి తెర బాగుచేసికొనుట చూచితిమి.

కొండాపూరు మ్యూజియమునకు వచ్చు చదువరులారా, దిబ్బ చుట్టునున్న కంపలో ఎండుటాకుల గూడు కనబడినచో కర్రతో కదపకుడు. ప్రొద్దు గ్రుంకువరకు ఆగుడు.